గోల్ఫ్ వదిలేసిన దారిలో డిస్క్ గోల్ఫ్

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు సాయంత్రం పూట పార్కు నడకలో ఒక వింత వస్తువు కనిపిస్తూ ఉంటుంది. నడుముకు కాస్త కింద దాకా వచ్చే ఇనుప బుట్ట. దాని మధ్యలోంచి పైకి లేచిన ఒక గొట్టం. ఆ గొట్టం చివర చిన్న గొడుగులాంటి పట్టీ, దాని నుంచి బుట్టలోకి వేలాడే గొలుసులు. చెత్తబుట్ట అనుకుందామంటే అన్నీ సందులే. పిట్టలకు గింజలు పెట్టేది అనుకుందామంటే మరీ పెద్దది. కాసేపు అక్కడే నిలబడితే సంగతి తెలుస్తుంది. చెట్ల మధ్య నుంచి ఒక ప్లాస్టిక్ పళ్లెం గిరగిరా తిరుగుతూ వచ్చి గొలుసులకు తగిలి, ఘల్లుమని బుట్టలో పడుతుంది. కాసేపటికి భుజాన సంచీతో ఒక కుర్రాడు, వాడి వెనక వాళ్ల నాన్న, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ వస్తారు. పళ్లెం తీసుకుని తర్వాతి బుట్ట వైపు నడిచి వెళ్లిపోతారు.

ఆ ఆటే డిస్క్ గోల్ఫ్. ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు దీనికి 15 వేలకు పైగా కోర్సులు, అంటే ఆడే చోట్లు, ఉన్నాయి, వాటిలో సగానికి పైగా అమెరికాలోనే. కరోనా కాలంలో జిమ్‌లు, స్టేడియాలు మూతపడినప్పుడు చాలామంది దీని వైపు తిరిగారు. ఆ తర్వాత అన్నీ తెరుచుకున్నా వాళ్లలో చాలామంది మానలేదు. ఎందుకని?

నియమాలు చూస్తే ఇది అచ్చంగా గోల్ఫే. ఆట మొదలుపెట్టే చోటును టీ అంటారు, అక్కడి నుంచి మొదటి త్రో. డిస్క్ ఎక్కడ పడితే అక్కడి నుంచే తర్వాతి త్రో. బుట్టకు ఎక్కువ దూరంలో ఉన్నవాళ్లు ముందు విసరాలి. పద్దెనిమిది బుట్టలు పూర్తయ్యేసరికి ఎవరు తక్కువ సార్లు విసిరితే వాళ్లే గెలిచినట్టు. పార్ (ఒక బుట్టకు ఇన్ని త్రోలు అని పెట్టిన లెక్క), బర్డీ (దానికి ఒకటి తక్కువ), బోగీ (ఒకటి ఎక్కువ) అనే మాటలు కూడా గోల్ఫ్‌వే. కర్ర, బంతి, గుంత పోయి చెయ్యి, పళ్లెం, బుట్ట వచ్చాయి.

రెండింటినీ పోల్చేవాళ్లు సాధారణంగా ఖర్చు గురించే చెబుతారు. అది నిజమే. మొదలుపెట్టడానికి మూడు డిస్కులు చాలు, మూడూ కలిపి 30, 40 డాలర్లలో వస్తాయి. పార్కుల్లో ఉన్న కోర్సుల్లో ఎక్కువ వాటికి టికెట్ లేదు, బుకింగ్ లేదు, ఫలానా బట్టలే వేసుకోవాలన్న షరతు లేదు. పద్దెనిమిది బుట్టల రౌండ్ గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. అదే గోల్ఫ్ రౌండ్ అయితే నాలుగు గంటలు పైమాటే. కర్రల సెట్టు, బంతులు, ఆడిన ప్రతిసారీ కోర్సుకు కట్టే గ్రీన్ ఫీజు, నేర్పేవాళ్ల ఫీజు అన్నీ కలిపితే మధ్యతరగతి ఇంట్లో ముందే ఆలోచించుకోవాల్సిన ఖర్చు.

అయితే చవక ఒక్కటే కారణమైతే జనం రెండు నెలలు ఆడి మానేసేవాళ్లు. చవకగా ఆడే ఆటలు చాలానే ఉన్నాయి. అసలు తేడా నేలలో ఉంది. ఇవాళ్టి గోల్ఫ్ ఆడాలంటే ముందు నేలను తయారు చేయాలి. డిస్క్ గోల్ఫ్‌కు ఉన్న నేల ఉన్నట్టుగానే సరిపోతుంది. ఇంకా ఆసక్తికరమైన విషయం, ఒకప్పుడు గోల్ఫ్ కూడా ఇలాగే ఉండేది.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును గోల్ఫ్‌కు పుట్టిల్లు అంటారు. దాన్ని ఏ ఇంజనీరూ మొదట గీసి కట్టలేదు. సముద్రం పక్కన ఇసుక దిబ్బలు, వాటి మీద పొట్టి గడ్డి, మేసే గొర్రెలు, పరిగెత్తే కుందేళ్లు. గడ్డి కోసే యంత్రాలు లేని రోజుల్లో గడ్డిని పొట్టిగా ఉంచింది ఆ జంతువులే. ఊరివాళ్లు ఆ నేల మీద దారి వెతుక్కుంటూ ఆడారు. మొదట అక్కడ ఒక రౌండుకు 22 హోల్స్, అంటే బంతి వేయాల్సిన గుంతలు, ఉండేవి. 1764లో కొన్నింటిని కలిపేయడంతో 18 అయ్యాయి, తర్వాత లోకమంతా ఆ లెక్కనే పట్టుకుంది. ఇప్పటికీ అది ప్రజల స్థలమే. మామూలుగా ఆదివారం అక్కడ ఆట ఉండదు, ఊరి జనం కుక్కలను తీసుకుని నడకకు వస్తారు.

తర్వాత గోల్ఫ్ సముద్రతీరం వదిలి లోపలి ఊళ్లకు, అక్కడి నుంచి వేరే దేశాలకు వెళ్లింది. బ్రిటిష్ దీవుల బయట మొట్టమొదటి క్లబ్బు 1829లో కలకత్తాలోనే వెలిసింది. కొత్త చోట్ల ఇసుక దిబ్బలూ లేవు, సముద్రపు గాలికి పెరిగే ఆ గడ్డీ లేదు. కాబట్టి సెయింట్ ఆండ్రూస్ లాంటి నేలను చేత్తో తయారు చేయాల్సి వచ్చింది. బుల్డోజర్లు, పైపులు, స్ప్రింక్లర్లు, ఎరువులు, మిల్లీమీటర్లలో లెక్కపెట్టి కోసే గడ్డి. ఒక పద్దెనిమిది హోల్స్ కోర్సుకు సుమారు 150 ఎకరాలు కావాలి. అంత భూమి, అంత నీరు, అంతమంది పనివాళ్లు కావాలంటే డబ్బు కావాలి. డబ్బు పెట్టినవాళ్లు గేటు పెట్టారు. గేటు పెట్టాక సభ్యత్వం, సభ్యత్వం ఉన్నచోట సిఫారసు. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా దగ్గరున్న కోర్సునో గచ్చిబౌలిలో ఉన్న కోర్సునో దారిన పోతూ చూసేవాళ్లలో ఎక్కువమందికి గోల్ఫ్ అంటే గోడకు అవతలి పచ్చదనమే. ఆట తప్పేమీ కాదు అది. ఆటకు కావాల్సిన నేలను ప్రతిచోటా కొత్తగా పుట్టించాల్సి రావడం వల్ల పడిన భారం అది.

డిస్క్ గోల్ఫ్ ఆ భారాన్ని దించేసింది. డిస్క్ నేల మీద దొర్లాల్సిన పని లేదు, గాలిలో వెళ్తుంది. కాబట్టి నేల నున్నగా లేకపోయినా ఫర్వాలేదు. రాళ్లు, వాలు, పొదలు, ఎండిన ఆకులు అన్నీ పనికొస్తాయి. వేసవిలో మంచు లేక ఖాళీగా పడి ఉండే స్కీ కొండల మీద కోర్సులున్నాయి. మసాచుసెట్స్‌లోని లెస్టర్‌లో క్రిస్మస్ చెట్లు పెంచే తోటలో మేపుల్ హిల్ అనే కోర్సు ఉంది, ప్రొఫెషనల్ ఆటగాళ్లకు అదంటే ఎంతో ఇష్టం. మనుషులు నడిచే చోటు ఎక్కడైనా కాస్త జాగ్రత్తగా బుట్టలు పాతితే కోర్సు తయారైనట్టే. టీ దగ్గర కాంక్రీటు పలక ఒకటి, దూరం, పార్ రాసిన బోర్డు ఒకటి. అంతకుమించి కట్టేది పెద్దగా ఉండదు.

ఈ ఆటకు రూపం ఇచ్చిన మనిషి ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీలు తయారు చేసే వామ్-ఓ కంపెనీలో పనిచేశాడు. ఫ్రిస్బీ పైభాగంలో గుండ్రటి గీతలు పెట్టి, అది గాలిలో ఊగిపోకుండా నిలకడగా వెళ్లేలా చేశాడు. దానికి 1967లో పేటెంట్ వచ్చింది. పళ్లెం విసిరి గురి చూసే ఆటలు అంతకుముందే ఉన్నాయి. కెనడాలోని సస్కాచెవాన్‌లో బ్లాడ్‌వర్త్ అనే చిన్న ఊళ్లో బడి పిల్లలు 1920లలోనే డబ్బా మూతలు విసురుతూ ఇలాంటి ఆట ఆడారు. హెడ్రిక్ చేసింది ఏమిటంటే, దానికి ఒక స్థిరమైన చోటు కల్పించడం. కాలిఫోర్నియాలో లా కెన్యాడా ఫ్లింట్‌రిడ్జ్ దగ్గర, నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ పక్కనే ఉన్న ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. అప్పుడు గురి వట్టి స్తంభమే. డిస్క్ తగిలిందా లేదా అని దూరం నుంచి తేల్చుకోవడం కష్టం, వాదనలు మొదలవుతాయి. దానికి మందుగా వచ్చిందే గొలుసుల బుట్ట. 1977లో దానికీ పేటెంట్ వచ్చింది.

ఈ బుట్ట ఎంత గొప్ప ఆలోచనో ఆడి చూస్తేనే తెలుస్తుంది. గొలుసుల పని డిస్క్ వేగాన్ని మింగేయడం. బయటి వరస కొంత వేగాన్ని తీసుకుంటుంది, లోపలి వరస మిగతాది తీసుకుంటుంది, ఊపు పోయిన డిస్క్ నిలువునా కింద పడుతుంది. ఒక్కోసారి అంచుకు తగిలినవి పక్కకు జారిపోతాయి, మరీ గట్టిగా విసిరినవి గొలుసులను చీల్చుకుని అవతల పడతాయి. అంటే చివరి త్రోలో బలం కంటే నెమ్మది ముఖ్యం. ఇక ఆ చప్పుడు. గోల్ఫ్‌లో బంతి గుంతలో పడిన చప్పుడు పక్కవాళ్లకు మాత్రమే వినిపిస్తుంది. గొలుసుల ఘల్లు మూడు టీల అవతలికి వినిపిస్తుంది. అడవిలో ఎవరో కనపడని చోట బుట్టలో వేశారని తెలిసిపోతుంది, ముఖపరిచయం లేనివాళ్లు కూడా ఓ కేక వేసి మెచ్చుకుంటారు.

కొత్తవాళ్లకు మొదటి రోజు ఏం జరుగుతుందన్నది ఇంకో పెద్ద తేడా. గోల్ఫ్‌లో మొదటి రోజు బంతి తగలదు. కర్ర గాలిని కోసుకుంటూ పోతుంది, లేదా బంతికి ముందున్న మట్టిని తవ్వుతుంది. పొడవాటి కర్ర చివర ఉన్న చిన్న ముఖం, దానికన్నా చిన్న బంతి. మణికట్టు కాస్త తిరిగినా ఆ తప్పు కర్ర పొడవునా పెరిగి బంతిని పొదల్లో పడేస్తుంది. రేంజ్ అనే సాధన మైదానంలో నెలల తరబడి కొట్టాక గానీ కోర్సులో ధైర్యంగా నిలబడలేరు. డిస్క్ అలా కాదు. ఎనిమిదేళ్ల పిల్ల విసిరినా ఎగురుతుంది. వంకరగా పోతుంది, దగ్గర్లోనే పడుతుంది, కానీ ఎగురుతుంది. మూడో బుట్టకో నాలుగో బుట్టకో గొలుసు చప్పుడు తన చేత్తో తనే వింటుంది. ఆ పిల్ల మళ్లీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడానికి అది చాలు.

అలాగని తేలికైన ఆట అనుకుంటే పొరపాటు. లోతు తర్వాత కనిపిస్తుంది. డిస్క్ మీద నాలుగు అంకెలు ఉంటాయి. ఎంత వేగంగా విసరాలి, గాలిలో ఎంతసేపు తేలుతుంది, వేగంగా ఉన్నప్పుడు ఎటు ఒరుగుతుంది, వేగం తగ్గాక ఎటు తిరుగుతుంది అన్నవే ఆ నాలుగు. చివరి రెండూ అర్థం కావాలంటే బొంగరాన్ని గుర్తు తెచ్చుకోవాలి. తిరుగుతున్న బొంగరం ఒరిగితే ఒరిగిన వైపే దబ్బున పడిపోదు, పక్కకు మళ్లి గుండ్రంగా ఊగుతుంది. డిస్క్‌ది కూడా అదే గుణం. కుడిచేతి వాటం ఆటగాడు బ్యాక్‌హ్యాండ్‌లో, అంటే చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి తీసుకెళ్లి, విసిరితే, పైనుంచి చూసినప్పుడు అది గడియారం ముల్లులా తిరుగుతుంది. మంచి వేగంలో ఉండగా గాలి దాని ముక్కును కిందికి వంచాలని చూస్తుంది, ఆ తోపు పక్కకు మళ్లి డిస్క్ కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గాక గాలి ముక్కును పైకి లేపాలని చూస్తుంది, అప్పుడు ఎడమకు దిగుతుంది. అందుకే బాగా విసిరిన డ్రైవ్ (టీ నుంచి వేసే దూరపు త్రో) ముందు కుడికి, తర్వాత ఎడమకు, పాము మెలికలా వెళ్తుంది. 1983లో డేవ్ డునిపేస్ అంచును వాలుగా చెక్కిన డిస్క్ తెచ్చినప్పటి నుంచి ఈ మెలికలను కావాలనుకున్నట్టు వాడుకోవడం వీలైంది. ఆ అంచే లేకపోతే ఇవాళ్టి దూరాలు లేవు. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ నెవాడా ఎడారిలో గాలి వాటం చూసుకుని విసిరిన డిస్క్ 338 మీటర్లు వెళ్లింది.

అడవి మధ్యలో ఒక మామూలు బుట్టను తీసుకుందాం. దూరం 85 మీటర్లు, పార్ 3. టీ నుంచి చూస్తే బుట్ట కనిపించదు, ఎడమ పక్క రెండు పెద్ద చెట్ల వెనక ఉంది. నేరుగా పోయే దారి లేదు. ఒక ఆటగాడు డిస్క్‌ను ఎడమ అంచు కిందికి వంచి విసురుతాడు. అది చెట్లకు కుడి పక్కనుంచి పోయి చివర్లో ఎడమకు వాలుతుంది. ఇంకొకరు ఫోర్‌హ్యాండ్‌తో, అంటే చేతిని పక్క నుంచి ముందుకు తెచ్చి, వ్యతిరేక దిశలో తిప్పి, చెట్లకు ఎడమ పక్క ఉన్న సన్నని సందులోంచి పంపిస్తారు. మూడో మనిషి డిస్క్‌ను నిలువుగా నేల మీద పడేస్తాడు, అది బండి చక్రంలా దొర్లుకుంటూ కొమ్మల కిందుగా పోతుంది. ఒకే బుట్టకు మూడు దారులు. గోల్ఫ్‌లో చెట్టు ఎక్కువగా శిక్ష, దారి తప్పినవాళ్లకు ఎదురయ్యేది. ఇక్కడ చెట్టే ప్రశ్న, దానికి జవాబు చెప్పడమే ఆట. ఈ ఆటలోని అందమంతా ఇక్కడే ఉంది. చెట్టును కొట్టేయకుండా, దాని చుట్టూ ఆలోచించమనే ఆటలు ఎన్నున్నాయి?

ఫిన్లాండ్‌లో ఈ ఆట బాగా పాకడానికి కూడా నేలతో ఉన్న ఈ సంబంధమే కారణమనిపిస్తుంది. ఎవరి అడవిలోనైనా ఎవరైనా నడవచ్చు, పళ్లు ఏరుకోవచ్చు అనే పాత హక్కు ఉన్న దేశం అది. ఊరి మున్సిపాలిటీలు వేసిన కోర్సుల్లో వేసవిలో సూర్యుడు అస్తమించని రాత్రుళ్లు కూడా ఆడతారు. చలికాలంలో మంచులో డిస్క్ కూరుకుపోతే దొరకదని దానికి రిబ్బను కట్టి విసురుతారు, చీకటిలో చిన్న లైటు అతికిస్తారు. పక్కనే ఉన్న ఎస్టోనియా నుంచి క్రిస్టిన్ టాటర్ 2022, 2023లో వరుసగా మహిళల ప్రపంచ విజేత అయింది.

గోల్ఫ్ వైపు నుంచి కూడా చూడాలి. కర్ర మధ్యభాగం సరిగ్గా తగిలి బంతి లేచినప్పుడు చేతుల్లోకి వచ్చే ఆ మెత్తటి అనుభూతి డిస్క్‌లో లేదు. రెండు వందల మీటర్ల అవతల బంతి పచ్చికలో పడి ఆగడం చూస్తే కలిగే తృప్తి వేరు. గుంత చుట్టూ నున్నగా కోసిన గ్రీన్ మీద వాలును చదివి, బంతి వంకర తిరిగి గుంతలోకి దొర్లేలా కొట్టడం సాధనతో మాత్రమే అబ్బే విద్య. డిస్క్ గోల్ఫ్‌లో పది మీటర్ల లోపు పటింగ్, అంటే బుట్టలో వేసే చివరి త్రో, మంచి ఆటగాళ్లకు అలవాటైన పని, గోల్ఫ్ గ్రీన్ మీద ఉన్నంత సందేహం అక్కడ ఉండదు. వందల ఏళ్ల చరిత్ర, చిన్నప్పటి నుంచి టీవీలో చూసిన ఆటగాళ్లు, వ్యాపార పరిచయాలు గోల్ఫ్‌కే ఉన్నాయి. రెండూ ఆడేవాళ్లు ఒకదాని కోసం ఇంకోదాన్ని వదలరు.

డిస్క్ గోల్ఫ్‌కు కూడా ఇప్పుడు సొంత కథలు పుడుతున్నాయి. 2021లో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఆఖరి రౌండ్, ఆఖరి బుట్ట. పాల్ మెక్‌బెత్ అప్పటికే ఐదుసార్లు ప్రపంచ విజేత, ఒక్క త్రో ముందున్నాడు. జేమ్స్ కాన్రాడ్‌కు మిగిలింది దాదాపు 75 మీటర్ల దూరం. అక్కడి నుంచి బుట్టలో పడితే తప్ప టైటిల్ పోయినట్టే. పటర్ అనే, మామూలుగా దగ్గరి త్రోలకు వాడే డిస్క్ తీసి విసిరాడు. డిస్క్ నెమ్మదిగా తేలుతూ వచ్చి నేరుగా గొలుసులను తాకింది. చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా పెట్టిన కేక ఆ వీడియోలో ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా చేస్తుంది. స్కోరు సమమైంది, విజేతను తేల్చడానికి ఆడిన ప్లేఆఫ్‌లో కాన్రాడ్ గెలిచాడు. ఆ ఏడాదే మెక్‌బెత్ ఒక డిస్కుల కంపెనీతో పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. పార్కులో పిల్లలు విసిరే పళ్లెం బతుకుతెరువు కూడా అవుతుందని లోకానికి తెలిసింది.

డబ్బు వచ్చిన చోట పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. టికెట్ పెట్టిన కోర్సులు పెరుగుతున్నాయి. నున్నటి గడ్డి, కృత్రిమ చెరువులు, బుకింగ్ యాప్‌లు వస్తున్నాయి. కొన్నిచోట్ల అది మంచికే, డబ్బు కడితే రద్దీ తగ్గుతుంది, నిర్వహణ బాగుంటుంది. కానీ ఆటలోకి కొత్తవాళ్లు వచ్చే దారి ఊరి పార్కు. అది మూసుకుపోతే డిస్క్ గోల్ఫ్ కూడా గోల్ఫ్ నడిచిన దారిలోనే నడుస్తుంది.

లోపలి లోపాలు కూడా ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో వచ్చే 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్ తలకు తగిలితే ప్రమాదమే. నడక దారి మీదుగా డిస్కులు ఎగిరేలా వేసిన కోర్సుల వల్ల పార్కుకు వచ్చే మిగతావాళ్లకు టెన్షన్. వాకర్లతో కిక్కిరిసే మన నగరాల పార్కుల్లో బుట్టలు పాతాలంటే ముందు దీనికి సమాధానం కావాలి. ఎదురుగా ఉన్న చెట్ల బెరడు దెబ్బలకు ఊడిపోతుంది. బుట్ట చుట్టూ వందలమంది తొక్కి తొక్కి మట్టి గట్టిపడి, వానకు కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి. మహిళలు ఇప్పటికీ చాలా తక్కువ. గేటు లేనంత మాత్రాన అందరూ రారు, పిలవాలి, తోడుగా ఆడాలి, చీకటి పడకముందే సురక్షితంగా తిరిగి వెళ్లే దారి ఉండాలి.

అయినా ఈ ఆట చుట్టూ అల్లుకున్న మర్యాద ఒకటి ఉంది. ఆటగాళ్లు డిస్క్ అడుగున స్కెచ్ పెన్నుతో ఫోన్ నంబర్ రాసుకుంటారు. పొదల్లో ఎవరిదో డిస్క్ దొరికితే ఆ నంబరుకు మెసేజ్ పెడతారు, ఫలానా బెంచీ దగ్గర పెట్టానని చెప్తారు. 1976లో హెడ్రిక్ మొదలుపెట్టిన ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌లో సభ్యులకు వరసగా నంబర్లు ఇస్తారు. ఒకటో నంబర్ ఆయనదే, ఇప్పుడు వరస రెండు లక్షలు దాటింది. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు.

చాలా ఊళ్లలో కోర్సులను నిలబెడుతున్నది స్థానిక క్లబ్బుల వాళ్లే. మున్సిపాలిటీ గడ్డి కోయిస్తుంది, మిగతా పని వీళ్లది. శనివారం పొద్దున్నే బండిలో చెక్కపొట్టు వేసుకొచ్చి, బుట్ట దగ్గర పైకి తేలిన చెట్ల వేళ్ల మీద పరుస్తారు. దెబ్బలు ఎక్కువగా తినే మొద్దులకు అడ్డుగా కర్రలు కడతారు. మట్టి మరీ అరిగిపోతే బుట్టను పీకి పదిహేను అడుగుల అవతల పాతి, పాత చోటులో గడ్డి మొలిచేదాకా వదిలేస్తారు. పని అయ్యాక అక్కడే చేతులు దులుపుకుని ఒక రౌండ్ ఆడి ఇంటికి పోతారు.